బండి టైము, బజారు టైము

గడియారాల కొట్టు మీది గది,
స్టేషను బజారు.
ఎండలు ముదిరిన వారం.

బుల్లీ,

అందరం క్షేమమని మొదటి ముక్క రాయాలంటారు. ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేలోపు ఏం జరుగుతుందో ఎవరికి తెలుసు, అందుకని రాయడం లేదు. నువ్వు ముందు లేచి వెళ్లి గ్యాసు కట్టేసి ఉందో లేదో చూసి రా. చూశావా? సరే, కూర్చుని చదువు.

మన బజారుని పట్టుకుని దులిపేస్తున్నారే. స్టేషను గేటు దగ్గర్నుంచి నీళ్ల ట్యాంకు దాకా ఊళ్లో పాత భాగమంతా మొదట ఎలా కట్టారో అలాగే చేస్తారట. రైలు వచ్చాకే పుట్టిన ఊరు కదా, రైలు వచ్చిన నాటిలా కనపడాలట. ఎప్పుడో ఆపేసిన పొద్దుటి పాసింజరు కూడా వానలు వెనకబట్టాక మళ్లీ వేస్తారట. రొట్టెల కొట్టు ముందున్న రేకులు పీకితే వెనకాల చెక్క స్తంభాలు బయటపడ్డాయి. ఎన్నేళ్లు దాక్కున్నాయో పాపం, మొహం చాటేసిన బాకీదార్లలా. ఈ పనివాళ్లంతా పరంజా మీంచి పడతారేమోనని నేను కిటికీలోంచి "పట్టుకో నాయనా, పట్టుకో" అని అరుస్తుంటే, నిన్న ఒకాయన "మామ్మగారూ, మీరు అరిచినప్పుడే కాలు జారుతోందండీ" అన్నాడు. అప్పట్నుంచి నోరు మూసుకుని భయపడుతున్నాను.

అసలు సంగతి మన గడియారం. ఈ పనులు చేయించడానికి ఒక ఇంజినీరమ్మాయి వస్తోంది. టేపు పట్టుకుని గుమ్మాలూ కిటికీలూ కొలుస్తూ ఉంటుంది, నిలబడితే నన్ను కూడా కొలిచేలా ఉంది. కొలతలమ్మ అని పేరు పెట్టాను. ఆవిడ మొన్న వీధిలోంచి, లోపలికీ బజారుకీ కనపడేలా కొట్టు గోడలో బిగించిన మన గడియారం చూసి, "మామ్మగారూ, ఇది పది నిమిషాలు ముందుంది, సరిచేద్దామండీ" అంది. అది తప్పు కాదమ్మా, మా మామగారు పెట్టిన పద్ధతి, బజారు జనం నిదానస్తులు, బండి తప్పిపోకుండా ఉంటారని కొట్టు తెరిచిన రోజునే ముందుకు జరిపారు, ఇక్కడ టైము అడిగితే బండి టైమా, బజారు టైమా అంటారు అని చెప్పాను. ఆ పిల్ల నవ్వి, "అందరికీ తెలిసిపోయాక లాభమేముందండీ? పది తీసేసుకుని తీరిగ్గానే బయల్దేరతారు కదా" అంది. తెలివైన పిల్ల. నాకు ఒళ్లు మండింది. నా ప్రాణం ఉండగా సరిచెయ్యనివ్వనని చెప్పేశాను. తాళంచెవి దారానికి కట్టి మెడలో వేసుకున్నాను.

బండి మళ్లీ వేసిన మొదటి రోజు నువ్వు రావాలే. మీ అన్నయ్య పోయినప్పుడు బస్సులో వచ్చి బస్సులో వెళ్లావు. స్టేషను వైపు తలైనా తిప్పలేదు. ఆ గేటు తొక్కి యాభై రెండేళ్లు. నువ్వు ఆ గేటులోంచి నడిచి మన మెట్లు ఎక్కితే చూడాలని ఉంది, ఈ కళ్లు ఇంకా పనిచేస్తుండగానే.

స్టూలెక్కి అటక మీద సామాను తీయకు.

నీ వదిన

*

మూడో అంతస్తు,
రేవు ఊరు.
ఆదివారం.

వదినా,

గ్యాసు కట్టేసే ఉంది. స్టూలెక్కలేదు. ఇంకా ఏం భయాలున్నాయో ఒక చీటీ మీద రాసి పంపు, గోడకి అంటించుకుంటాను.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు మనసులో మన కొట్టులోనే ఉన్నాను. నాన్న బల్ల మీద ఇత్తడి వాసన, నూనె వాసన. గోడ నిండా గడియారాలు, ఒక్కటీ ఇంకోదాని మాట వినేది కాదు, పన్నెండు కొట్టడానికి అన్నీ కలిసి ఏడు నిమిషాలు తీసుకునేవి. డాబా మీద ఆరేసిన బట్టల మీద ఇంజను పొగ నల్లటి చుక్కలు పెట్టేది గుర్తుందా? ఇక్కడ సముద్రం గాలికి బట్టలు తెల్లగానే ఆరతాయి. ఏదో తక్కువైనట్టే ఉంటుంది.

బల్లిని చూస్తే మంచమెక్కే నువ్వు, ఆఫీసు వాళ్లని ఎదిరించావా! అది మా నాన్న గడియారం. నాకే లేని పట్టింపు నీకెందుకే? కందకి లేని దురద కత్తిపీటకెందుకు? సరిచేస్తే ఏం కొంపలు మునుగుతాయి?

రావడం సంగతి వదిలెయ్. ఆ గేటు నేను ఎందుకు తొక్కనో ఈ లోకంలో నీ ఒక్కదానికే తెలుసు. నువ్వు కొత్తకోడలిగా వచ్చి అప్పటికి ఇంకా నెల కూడా కాలేదు. బట్టలారేస్తూ నీకు చెప్పాను, ఇంజనులో బొగ్గు వేసే అతన్ని గురించి. బొగ్గులాయన అని నువ్వే పేరు పెట్టావు. దూరపు లైనుకి బదిలీ అయింది. "పొద్దుటి బండి కదిలేలోపు ప్లాట్‌ఫారం మీదికి వస్తే, సెలవు పెట్టుకుని వచ్చి మీ నాన్నగారితో మాట్లాడతాను. రాకపోతే ఇష్టం లేదనుకుంటాను, మళ్లీ ఎప్పుడూ ఇబ్బంది పెట్టను" అన్నాడు. మాట మీద నిలబడ్డాడు, ఎప్పుడూ పెట్టలేదు.

నేను వెళ్దామనే అనుకున్నాను వదినా. జడ చెడగొట్టింది. తలంటుకుని వేసుకున్న జడ వంకరగా వచ్చింది. గడియారం చూస్తే ఇంకా టైముంది. విప్పి మళ్లీ వేసుకున్నాను. మెట్లు దిగుతుంటే కూత. గేటు దగ్గరికి పరిగెత్తేసరికి పొగ ఒక్కటే మిగిలింది. ఎక్కడో నేనే లెక్క తప్పాను, అద్దం ముందు మైమరిచిపోయి ఉంటాను.

బడి మాస్టారితో నా కాపురం బాగానే జరిగింది. నలభై అయిదేళ్లు నన్ను పల్లెత్తు మాట అనలేదు, ఆయన పోయి ఆరేళ్లయినా ఆయన కుర్చీలో నేను కూర్చోను. అది వేరు. కానీ ఆ రోజు నుంచి జడ వేసుకోలేదు, ముడే. ఏ బస్సుకైనా రెండు గంటలు ముందే వెళ్లి కూర్చుంటాను. పిల్లలు ఎగతాళి చేస్తారు. చెయ్యనీ.

బుల్లి

*

గడియారాల కొట్టు మీది గది.
మొదటి వాన పడిన రోజు.

బుల్లీ,

కప్పు కారడం లేదు. కారుతుందేమోనని గిన్నెలు పెట్టుకుని కూర్చున్నాను.

ఫొటో స్టూడియో అటక మీద ఒక పెట్టె దొరికింది. పాత ఫొటోలు. స్టేషను వెయిటింగు రూములో గోడల నిండా పెడతారట. ఎవరెవరో గుర్తుపట్టమని కొలతలమ్మ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. రొట్టెల కొట్టు ఉంది, నీళ్ల ట్యాంకు కడుతున్నప్పటిది ఉంది, సెలూను బాబాయి నిండు జుట్టుతో ఉన్నాడు, నమ్మవు నువ్వు.

ఇంకోటి ఉంది. ఇంజను ముందు ముగ్గురు. ఇద్దరు ఫొటో తీసేవాడి వైపు చూసి నవ్వుతున్నారు. మూడో మనిషి ఇంజను మెట్టు మీద కడ్డీ పట్టుకుని ఉన్నాడు. మొహాన మసి. అతను పక్కకి చూస్తున్నాడు. పైన ప్లాట్‌ఫారం గడియారం కూడా పడింది, తొమ్మిదికి ఇంకా కాస్త తక్కువ. వెనకాల ఆ రోజు తేదీ రాసి ఉంది. ఎటు చూస్తున్నాడో నేను చెప్పక్కర్లేదు కదా.

"ఈయన ఎవరండీ?" అంది కొలతలమ్మ. తెలీదన్నాను.

ఇంటికొచ్చి గడియారానికి తాళం తిప్పడం మరిచిపోయాను. సోమవారం తిప్పడం మరిచిపోవడం నా బతుకులో ఇదే మొదలు.

నీ జడది తప్పు కాదే. ఇంకేం రాయను. కళ్లజోడు మసకేసింది.

వదిన

*

మూడో అంతస్తు,
రేవు ఊరు.

వదినా,

జడది కాకపోతే ఎవరిది?

మూడు పేజీలకి తక్కువ రాయని మనిషివి, పేజీన్నరకి ఆపేశావు. నన్ను గొడుగు పట్టుకెళ్లమని రాయలేదు, నీళ్లు కాచుకుని తాగమని రాయలేదు. నేను ఏమీ అనకముందే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నావు. గడియారం ముట్టుకోనివ్వనంటావు. నీ తీరు నాకు తెలియదా?

ఉన్నది ఉన్నట్టు రాయి.

బుల్లి

*

గడియారాల కొట్టు మీది గది.

బుల్లీ,

ఇప్పుడు రాసేదాన్ని కూర్చుని చదువు. నీళ్లు పక్కన పెట్టుకో.

మా అమ్మావాళ్లింట్లో గడియారం లేదు. పొద్దు చూసి లేచేవాళ్లం. టైము చూడటం మీ అన్నయ్య దగ్గరే నేర్చుకున్నాను, పెళ్లయిన వారానికి. చిన్న ముల్లు, పెద్ద ముల్లు. నేర్చుకున్నాక నాకు కాలు నిలవలేదు, కనపడిన గడియారమల్లా చదివేదాన్ని. బజారు టైమనేది ఒకటుందని నాకు ఎవరూ చెప్పలేదే. అందరికీ తెలుసు కాబట్టి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఆ రోజు పొద్దున్న మామగారు స్ప్రింగుల కోసం పక్క ఊరు వెళ్లారు. మీ అన్నయ్య మిల్లు గడియారం బాగుచెయ్యడానికి వెళ్లాడు. నువ్వు పెరట్లో తలంటుకుంటున్నావు. స్టేషనులో ఎనిమిది గంటలు కొట్టారు. నేను తల ఎత్తి చూస్తే మన గడియారం ఎనిమిదీ పది. గడియారాలు బాగుచేసే ఇంట్లోనే గడియారం తప్పు చూపిస్తే జనం ఏమనుకుంటారు? మామగారి పరువేం కాను? ఆయన వచ్చేలోపు నేనే సరిచేస్తే కోడలు పనికొచ్చేదే అనుకుంటారని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు.

ముళ్లు వెనక్కి తిప్పకూడదని మీ అన్నయ్య చెప్పి ఉన్నాడు. అందుకని గోడలో చిన్న తలుపు తీసి, లోపలి లోలకాన్ని చేత్తో పట్టుకుని ఆపాను. అలాగే పట్టుకుని నిలబడి ఆరువందలు లెక్కపెట్టాను. పది నిమిషాలు. తర్వాత వదిలాను. నీ పది నిమిషాలు నా చేతిలోనే ఉన్నాయి బుల్లీ.

నువ్వు తల ఆరబెట్టుకుని వచ్చి గడియారం చూసి "ఇంకా టైముందిలే" అన్నావు. నేను సరిచేశానని చెబుదామని నోటిదాకా వచ్చింది. నువ్వు మెచ్చుకుంటావనుకున్నాను. అద్దం ముందు నీ హడావిడి చూసి, తిరిగొచ్చాక చెబుదాంలే అని ఊరుకున్నాను. నువ్వు తిరిగొచ్చాక నీ మొహం చూశాను.

సెలూను బాబాయికి కూడా ఆ బండే తప్పింది. "బండి పది నిమిషాలు ముందే పంపించేశాడు స్టేషను మాస్టరు!" అని కొట్టు ముందు నిలబడి తిట్టాడు. బజారు టైము సంగతి అప్పుడు తెలిసింది నాకు. సాయంత్రం మామగారు వచ్చి ఒక్కసారి చూసి, "దీన్ని ఎవరు ముట్టుకున్నారు?" అన్నారు. మీ అన్నయ్య నా వైపు చూశాడు. "నేనే నాన్నా, నూనె వేస్తుంటే ఆగింది" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ నన్ను ఆ మాట అడగలేదు. నీ సంగతి మీ అన్నయ్యకి తెలియదు.

మామగారు దాన్ని మళ్లీ పది ముందుకు జరిపారు, ఆ రోజు నుంచి ఒక్క నిమిషం కూడా అటూ ఇటూ కదలనివ్వలేదు. నీకు చెబుదామని ఎన్నో ఉత్తరాలు మొదలుపెట్టి, గ్యాసు గురించి రాసి ముగించాను.

నన్ను వదినా అని పిలవకపోయినా సరే. క్షమించానని ఒక్క ముక్క రాయి. రాయలేకపోతే, తిడుతూనైనా రాయి.

నీ వదిన

*

గడియారాల కొట్టు మీది గది.
వానలు వెనకబట్టాయి.

బుల్లీ,

రెండు నెలలైంది. నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒంట్లో బాగుందా? నా ఉత్తరం అందిందా? అందకపోతే బాగుండునని ఒక పూట అనుకుంటాను, అందితే బాగుండునని ఇంకో పూట. ఉత్తరాలు తెచ్చే ఆయన మన మెట్ల దగ్గర ఆగకుండా వెళ్తుంటే పిలిచి, సంచి మళ్లీ చూడమంటాను. ఆయన నన్ను చూసి ఇప్పుడు అవతలి పక్క నుంచి నడుస్తున్నాడు.

మొదటి బండి వచ్చే నెల మొదటి ఆదివారం, పొద్దున్న తొమ్మిదింటికి. నీ ఊరి వైపు నుంచే వస్తుంది. చెప్పాలనిపించి చెప్పాను, అంతే.

కొలతలమ్మ మళ్లీ గడియారం సంగతి అడగడం లేదు. నా మొహం చూసి జాలిపడుతోందేమో.

వదిన

*

మూడో అంతస్తు,
రేవు ఊరు.

వదినా,

అందింది.

కోపం రాలేదని రాస్తే నా కలమే నవ్వుతుంది. వచ్చింది. ఒక వారం నీ ఉత్తరాన్ని పప్పు డబ్బా వెనకాల పడేశాను. ఆ ఒక్క మాట నేను మెట్లు దిగకముందు చెప్పి ఉంటే అని, వంట చేస్తూ నీతో పైకే పోట్లాడాను. కింది వాటా ఆవిడ ఎవరొచ్చారని అడిగింది. మా వదిన అన్నాను.

తర్వాత ఒక మధ్యాహ్నం వంటింట్లో నిలబడి, నువ్వు పట్టుకున్నట్టే చెయ్యి చాపి ఆరువందలు లెక్కపెట్టాను. ఎంతసేపే అది! మూడువందలకే భుజం లాగేసింది. ఇరవై ఏళ్ల పిల్లవి, మా ఇంటి పరువు కోసం ఎలా నిలబడ్డావే? అప్పుడు ఏడిచాను. ఎవరి కోసమో తెలియలేదు. నాకా, అతనికా, లోలకం పట్టుకుని నిలబడిన ఆ పిల్లకా.

ఏడుపు అయ్యాక ఒక సంగతి తట్టింది. నేను ఆలస్యం కాలేదు వదినా. మన టైము ప్రకారం పది నిమిషాలు చేతిలో పెట్టుకునే బయల్దేరాను. బుద్ధి లేనిదాన్ని, మనిషి కన్నా జడ ఎక్కువైందని, నన్ను నేను ఇన్నేళ్లూ తిట్టుకున్నాను. అది కాదన్నమాట. లేచి వెళ్లి అద్దం ముందు కూర్చున్నాను. ఉన్నది ఎలకతోకంత జుట్టు. జడ వేసుకున్నాను. వంకరగా వచ్చింది. విప్పలేదు.

గడియారం సరిచెయ్. నాన్న మీద ప్రేమ నాకూ ఉంది, కానీ అది ఆయన పుట్టించిన అబద్ధం. ఆ గడియారం నిజం చెప్పింది ఆ ఒక్క పూటే. దానికి శిక్షగా ఇన్నేళ్లు దాని నోరు నొక్కావు, నీది కూడా. నీ చేత్తోనే సరిచెయ్.

క్షమించానని రాయమన్నావు. అది కాగితం మీద రాసే మాట కాదు. వచ్చి చెబుతాను, లేదా వచ్చి పోట్లాడతాను. ఏదైనా మెట్లెక్కాకే.

మొదటి బండికి టిక్కెట్టు తీసుకున్నాను. స్టేషను వస్తుంటే తలుపు దగ్గర నిలబడతాను. బండిలోంచి ఆ గేటు అతనికి ఎలా కనపడిందో ఒక్కసారి చూడాలి. ఇంకేం అక్కర్లేదు. చూసి దిగుతాను.

బుల్లి

*

గడియారాల కొట్టు మీది గది,
స్టేషను బజారు.

బుల్లీ,

ఈ ఉత్తరం నువ్వు బయల్దేరేలోపు అందాలి, అందకపోతే ఎలాగో ఏమిటో.

సరిచేశాను. కొలతలమ్మ "ముళ్లు జరిపితే చాలండీ" అంది. మా ఇంట్లో అలా చెయ్యమమ్మా అని చెప్పి, చిన్న తలుపు తీసి లోలకం పట్టుకున్నాను. ఆ పిల్ల నా మోచేతి కింద తన చెయ్యి పెట్టి, నాతో పాటు ఆరువందలు లెక్కపెట్టింది. ఎందుకని అడగలేదు. మంచి పిల్ల.

ఈసారి ఊరుకోలేదే. కర్ర పట్టుకుని బజారంతా తిరిగాను, రెండు వైపులా, ప్రతి గుమ్మం తట్టి చెప్పాను. ఇవాళ్టి నుంచి బండి టైమే, పది తీసెయ్యకండి, తీసేస్తే బండి తప్పుతుంది అని. మర్నాడు మళ్లీ తిరిగాను, మరిచిపోతారేమోనని. "మామ్మగారూ, నిన్ననే చెప్పారు" అని విసుక్కున్నారు. విసుక్కోనీ. సెలూను బాబాయికి చెవుడు కదా, గట్టిగా అరిచి చెప్పాను. "అయితే ఆ రోజు కూడా ఇదేనా?" అన్నాడు. ఇదేనన్నాను. "అయ్యో, ఆ స్టేషను మాస్టర్ని పోయేదాకా తిట్టాను కదే!" అని తల పట్టుకున్నాడు.

బొగ్గులాయన ఫొటో వెయిటింగు రూములో కిటికీ పక్కన పెట్టించాను. కింద పేరు రాయించలేదు. నువ్వు వచ్చి చెబితే రాస్తామన్నారు.

తలుపు దగ్గర నిలబడతానన్నావు. రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. కడ్డీ రెండు చేతులా పట్టుకో. బండి పూర్తిగా ఆగితే గానీ కాలు కింద పెట్టకు. పైన ఒక దుప్పటి కప్పుకో, పొద్దున్న గాలి మంచిది కాదు.

బండి తొమ్మిదింటికి. బండి టైము తొమ్మిది. నేను ఏడింటికే వెళ్లి గేటులో నిలబడతాను. నువ్వు ఎంత దూరం నుంచి తొంగిచూసినా ఫరవాలేదు, ఈసారి ఆ గేటు ఖాళీగా ఉండదు.

నీ వదిన